ఒకే బ్రూవరీలో చేసిన బీర్లన్నీ చివరికి ఒకే రుచి ఎందుకొస్తున్నాయి?

మాగుంట లేఅవుట్
మొన్న బెంగళూరులో స్నేహితులతో ఒక మైక్రోబ్రూవరీకి, అంటే బీరు అక్కడే చేసి అమ్మే పబ్బుకి, వెళ్లాం. వాళ్లు చేసే రకాలన్నీ చిన్న చిన్న గ్లాసుల్లో పోసి చెక్క ట్రేలో పెట్టిస్తారు కదా, అదే తీసుకున్నాం. గోధుమ బీరు, లాగర్ (చల్లగా పులియబెట్టే రకం), ఐపీఏ (చేదెక్కువ ఉండేది), ఒక ఎర్రది, ఒక నల్ల స్టౌట్. రంగు చూస్తే దేనికదే. మొదటి గుక్కలో తేడా తెలుస్తోంది, ఒకటి చేదు, ఒకటి కాఫీ వాసన. మింగాక నాలుక మీద మిగిలేది మాత్రం అన్నిటికీ ఒకటే. ఏదో పండు వాసన, దాని వెనకే కొంచెం వెన్న జిడ్డు. పక్కవాడితో అంటే "ఎక్కువ ఆలోచించకుండా తాగు" అన్నాడు. అదే ఊళ్లో ఇంకో పబ్బులో ఇట్టా లేదు, ఏ గ్లాసుకా గ్లాసు వేరుగా ఉంది. ఒకే సరుకుకి అయిదు పేర్లు పెట్టి అమ్ముతున్నారా, లేక దీనికి వేరే కారణం ఏమన్నా ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి. పబ్బు పేరు మాత్రం అడగొద్దు.

కావలి కుర్రోడు
ఒకే ట్యాంకులోది తీసి రంగు కలిపుంటారు అన్నా. ఇందులో పెద్ద సైన్సేం లేదు.

గూడూరు నిమ్మకాయ
దాంతోపాటు ఏం తిన్నారో ముందు అది చెప్పండి. కారంగా చేపల వేపుడు నమిలాక ఏ బీరైనా ఒకటే బీరు.

మాగుంట లేఅవుట్
@గూడూరు నిమ్మకాయ ఉప్పు వేరుశనగ తప్ప ఏం తినలేదు. అదీ ట్రే అయిపోయాకే.

ల్యాబ్ బాబాయ్
కావలి అబ్బాయ్, రంగు కలిపి అమ్మాల్సిన అవసరం ఎవరికీ లేదు. నేను చాలాకాలం ఒక బ్రూవరీ క్వాలిటీ ల్యాబులో చేసి రిటైరయ్యా, ఇప్పుడు ఒంగోలులో ఉంటున్నా. ఈ ప్రశ్న లోపల పనిచేసేవాళ్లం కూడా వేసుకునేదే, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను.

బీరులో ఉండేవి నాలుగే. నీళ్లు, మాల్టు అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, హాప్స్ అంటే చేదూ వాసనా ఇచ్చే పూలు, ఈస్టు. మెనూలో పేరు మారినప్పుడల్లా ఈ నాలుగూ మారవు. నీళ్లు అవే. గోధుమ బీరు సంగతి పక్కన పెడితే, మాల్టులో కూడా ఎక్కువ భాగం చాలా బీర్లకు అదే లేత మాల్టు. స్టౌట్‌ని అంత నల్లగా చేసేది నూటికి అయిదు పది పాళ్లు వేసే మాడ్చిన బార్లీనే. కింద పునాది ఒకటే, పైన పూత వేరు.

అసలు కథ ఈస్టుది. ఈస్టు అంటే చక్కెరని ఆల్కహాలుగా మార్చేదని మాత్రమే అనుకుంటారు జనం. ఆ పని చేస్తూ అది వందల రకాల వాసన పదార్థాలు వదులుతుంది. ఐసోఅమైల్ ఎసిటేట్ అనేది వదిలితే అరటిపండు వాసన. ఇథైల్ హెక్సనోయేట్ అయితే యాపిల్, సోంపు. డయాసిటైల్ అయితే వెన్న. ఏది ఎంత వదలాలన్నది ఆ ఈస్టు జాతి, అది పులిసిన వేడి, ఎంత ఈస్టు వేశారు, ఎంత గాలి పట్టించారు, ట్యాంకు ఎత్తెంత, వీటిని బట్టి ఉంటుంది. చిన్న బ్రూవరీలో ఇవేవీ బీరు బీరుకీ పెద్దగా మారవు. మన ఇళ్లల్లో చూడండి, ఒకే తోడుతో ఆవుపాలూ గేదెపాలూ తోడేస్తే చిక్కదనం మారుద్ది గానీ ఆ పులుపు తీరు ఆ ఇంటిదే. ఇదీ అంతే.

మరి అయిదు బీర్లకి అయిదు ఈస్టులు ఎందుకు పెట్టుకోరంటే, ఖర్చు, చాకిరీ. ఒక బ్యాచి అయ్యాక ట్యాంకు అడుగున పేరుకున్న ఈస్టుని తీసి తర్వాతి బ్యాచికి వేస్తారు, అట్టా వరసగా అయిదు నుంచి పది బ్యాచిలు నడపొచ్చు. రెండు మూడు జాతులు పెట్టుకుంటే ఒకదాన్లో ఒకటి కలవకుండా చూసుకోవాలి, దేనికి దానికి వేరే పాత్ర, వేరే పైపులు, మైక్రోస్కోపు దగ్గర ఒక మనిషి. పది ట్యాంకులు కూడా లేని పబ్బు అంత దూరం పోదు.

కాబట్టి వాళ్లు మోసం చేశారనను. ఆ పండు వాసన వాళ్ల ఈస్టుది. వెన్న జిడ్డు సంగతి వేరు, అది తప్పే. దాని గురించి తర్వాత రాస్తా.

కందుకూరు తాటితోపు
బాబాయ్ చెప్పింది కల్లులో నేను కళ్లారా చూశా. మా తోపులో కల్లు గీసే ఆయన లొట్టి అడుగున నిన్నటి కల్లు కొంచెం వదిలేసి, కడగకుండానే మళ్లీ కట్టేవాడు. ఆ తడే కొత్త కల్లుని తెల్లారేసరికి పొంగించేది. ఏ చెట్టుది తాగినా ఆయన చేతి రుచే. పక్క తోపులో గీసే వాళ్లది తాగితే వెంటనే తెలిసిపోద్ది, అది ముక్కుకి ఘాటుగా తగిలేది. చెట్లు అవే, నేల అదే, గట్టు దాటితే చాలు రుచి వేరు. లొట్టిలో సున్నం పూసి కడితే మాత్రం పులవదు, తియ్యగా ఉంటది, అప్పుడు ఎవరి లొట్టిదైనా తేడా తెలియదు. అంటే రుచి తెచ్చేది ఆ పులియడమే అన్నమాట.

కావలి కుర్రోడు
సరే, రంగు మాట వదిలేద్దాం. కానీ అన్నిట్లోనూ ఒకటే వెన్న అంటే అది ఈస్టు కాదు బాబాయ్, ట్యాపు పైపులు. నేను చెన్నైలో ఒక బారులో పనిచేశా. అక్కడ కెగ్గు (బీరు పీపా) నుంచి ట్యాపు దాకా పైపులు ఎప్పుడు కడిగారో ఎవడికీ గుర్తుండేది కాదు. ఒకసారి పైపు ఊడదీస్తే లోపల గోధుమ రంగు జిగురు, వేలు పెడితే సాగుతోంది. పెద్ద కంపెనీల బీర్లు మూడు నాలుగు అమ్మేవాళ్లం, అన్నీ పుల్లటి వెన్న కొట్టేవి. ఈస్టులు వేరు, కంపెనీలు వేరు, రుచి మాత్రం మా పైపుది.

ల్యాబ్ బాబాయ్
@కావలి కుర్రోడు ఇది సరైన మాట. పైపులో పెరిగే పెడియోకాకస్, లాక్టోబాసిల్లస్ అనే బాక్టీరియా డయాసిటైల్ వదులుతాయి, దాంతోపాటు పులుపు కూడా వస్తుంది. రెండు వారాలకోసారి కాస్టిక్ సోడా పెట్టి కడగాలన్నది లెక్క. మాగుంట వారూ, మీకు పులుపు తగిలిందా, లేక వెన్న ఒక్కటేనా?

మాగుంట లేఅవుట్
పులుపు లేదు బాబాయ్. వెన్న బిస్కెట్టు తిన్నాక నోట్లో మిగిలినట్టు, అంతే.

ల్యాబ్ బాబాయ్
అయితే పైపు కంటే ట్యాంకు మీదే నా అనుమానం. పులిసేటప్పుడు ప్రతి ఈస్టూ డయాసిటైల్ ముడిసరుకుని బయటికి వదులుతుంది, అది వెన్నగా మారుతుంది, చివర్లో ఆ వెన్నని ఈస్టే మళ్లీ లోపలికి తీసుకుని శుభ్రం చేస్తుంది. దానికి రెండు మూడు రోజులు టైమివ్వాలి. లాగర్లకయితే చివర్లో వేడి పదహారు పద్దెనిమిది డిగ్రీల దాకా పెంచి ఆపుతారు. శనివారం రద్దీకి బీరు కావాలని శుక్రవారమే ట్యాంకు చల్లబరిస్తే ఈస్టు నిద్రపోతుంది, వెన్న గ్లాసులోకొస్తుంది. లీటరుకి 0.1 మిల్లీగ్రాము ఉన్నా చాలు, నాలుక పట్టేస్తుంది.

మేం చేసే పరీక్ష చిన్నది. రెండు గ్లాసుల్లో బీరు తీసుకుని మూతలు పెట్టి, ఒకదాన్ని అరవై డిగ్రీల నీళ్లలో ఇరవై నిమిషాలు ఉంచి చల్లార్చి, రెండూ వాసన చూడటమే. కాచినదాంట్లో వెన్న కొడితే ఆ బీరు ఇంకా తయారు కాలేదని అర్థం. ట్యాంకుని ముట్టుకోకూడదు. సేల్స్‌వాళ్లు ఎంత అరిచినా మేం ముట్టుకోనిచ్చేవాళ్లం కాదు.

మైపాడు అల
ఎవరూ నీళ్ల సంగతి మాట్లాడరేంటి? బీరులో నూటికి తొంభై పైన నీళ్లే కదా. మా పక్కన బోరు మారితే కాఫీ రుచే మారిపోద్ది.

చీమకుర్తి రాయి
ఇదే రాద్దామని వచ్చా. మా ప్రాంతంలో కనిగిరి వైపు ఫ్లోరైడు, మిగతాచోట్ల ఉప్పు, సున్నం. ఆ నీళ్లతో అన్నం వండితేనే రంగు మారుద్ది. బెంగళూరు పబ్బు బోరు నీళ్లు వాడితే అన్ని బీర్లకీ అదే రుచి రాదా?

ల్యాబ్ బాబాయ్
నీళ్లు ముఖ్యమే, కాదనను. ఇంగ్లండులో బర్టన్ ఆన్ ట్రెంట్ అనే ఊళ్లో నీళ్లలో జిప్సం ఎక్కువ, అందుకే అక్కడి పేల్ ఏల్ అనే చేదు బీర్లకి అంత పేరొచ్చింది. చెక్ దేశంలో పిల్జెన్ నీళ్లు బాగా మెత్తన, లవణాలే లేనట్టు, 1842లో పిల్స్‌నర్ అనే లేత రంగు లాగర్ మొదట అక్కడే పుట్టింది. డబ్లిన్ నీళ్లలో బైకార్బనేటు జాస్తి, దానికి మాడ్చిన మాల్టులోని ఆమ్లం సరిపోయి నల్ల బీరు కుదిరింది. ఆ రోజుల్లో ఊరి నీళ్లే ఊరి బీరుని నిర్ణయించేవి. ఇప్పుడు చాలా బ్రూవరీలు ఆర్‌వో పెట్టి నీళ్లలోని లవణాలు తీసేసి, కావలసినవి తూకమేసి కలుపుతాయి. చేదు తేలాలంటే సల్ఫేటు, నోటికి నిండుగా ఉండాలంటే క్లోరైడు. సోమరిగా అన్ని బీర్లకీ ఒకే లెక్క కలిపితే మాత్రం చీమకుర్తి వారు అన్నది నిజమే, అది కూడా పునాదిలోకి చేరుతుంది. కానీ నీళ్లు పండు వాసన ఇవ్వవు.

దర్గామిట్ట టు డాలస్
ఈస్టా నీళ్లా అన్నదానికి నా దగ్గర సాక్ష్యం ఉంది. ఇక్కడ అమెరికాలో ఇంట్లో బీరు చేసుకోవచ్చు, 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టిన చట్టం దానికి దారి తెరిచింది. నేను గరాజులో చేస్తుంటా. ఒకసారి పెద్ద గిన్నెలో ఒకే కాపు కాచి, అదే నీళ్లు, అదే మాల్టు, అవే హాప్స్, రెండు బక్కెట్లలో సగం సగం పోశా. ఒకదాన్లో అమెరికన్ ఏల్ (లాగర్ కంటే వెచ్చగా పులిసే బీరు) ఈస్టు, రెండోదాన్లో జర్మన్ గోధుమ బీరు ఈస్టు. రెండూ ఒకే గదిలో పక్కపక్కన.

మూడో రోజుకే మూత తీస్తే తెలిసిపోయింది. మొదటి బక్కెట్టు మామూలు రొట్టె వాసన. రెండోది మూత ఎత్తగానే బాగా మగ్గిన అరటిపండు, దాని కింద లవంగం. లవంగం చుక్క వేసింది లేదు, ఆ ఈస్టు బార్లీలోని ఫెరూలిక్ ఆమ్లాన్ని అట్టా మార్చేస్తుంది. సీసాల్లో పోసి పండక్కి వచ్చిన మనవాళ్లకి చెప్పకుండా ఇచ్చా. రెండూ ఒకే గిన్నెలోవి అంటే ఎవరూ నమ్మలేదు, మా బావ అయితే రెండోదాంట్లో మసాలా వేశావని ఇప్పటికీ వాదిస్తాడు.

దీన్ని తిప్పి చూడండి. గిన్నె ఒకటే, ఈస్టులు రెండు అయితే రెండు బీర్లు. మరి గిన్నెలు అయిదు, ఈస్టు ఒకటి అయితే?

మాగుంట లేఅవుట్
ఇది బాగా అర్థమైంది అన్నా. ఇంకో డౌటు. ఆ పబ్బులో గోధుమ బీరులో కూడా అరటిపండు పెద్దగా లేదు. అంటే దానికీ ఆ మామూలు ఈస్టే వేశారంటారా?

దర్గామిట్ట టు డాలస్
చాలావరకు అదే. అమెరికన్ తరహా గోధుమ బీరు అని ఒకటుంది, దానికి మామూలు ఏల్ ఈస్టే వేస్తారు, తప్పేం కాదు. కానీ మెనూలో జర్మన్ పేరు రాసి, అరటి, లవంగం రెండూ లేకపోతే అడగాల్సిందే.

ఉలవపాడు మామిడి
ఇంకో రకం కూడా ఉంటది. మన దేశంలో ఇట్టాంటి పబ్బుల్లో ఎక్కువ అమ్ముడుపోయేది గోధుమ బీరే. ఆ ఈస్టు పైపుల్లో, వాల్వుల్లో మిగిలిపోతే పక్క ట్యాంకులోకి పాకుద్ది. హైదరాబాదులో ఒక చోట స్టౌట్‌లో లవంగం వచ్చింది నాకు. సర్వరుని అడిగితే అది స్పెషల్ రెసిపీ అన్నాడు.

నాయుడుపేట రోడ్డు
మీరంతా పబ్బుల్లో ఉన్నారు. మన వైన్ షాపులో సీసా బీర్ల సంగతేంటి? లైటు, స్ట్రాంగు, ప్రీమియం, కంపెనీ ఒకటే, నాకు మూడూ ఒకటే. 2019 అక్టోబరు నుంచి 2024 అక్టోబరు దాకా ప్రభుత్వమే షాపులు నడిపినప్పుడు అసలు కోరుకున్నది దొరికేది కాదు, ఇప్పుడు ప్రైవేటువాళ్లొచ్చాక ఫ్రిజ్ నిండా పేర్లే గానీ రుచి మారలా.

ల్యాబ్ బాబాయ్
అక్కడ ఈస్టుతోపాటు ఇంకో రెండు కారణాలున్నాయి.

ఒకటి, హై గ్రావిటీ బ్రూయింగ్. పెద్ద ప్లాంట్లు బీరుని అమ్మే గాఢత కంటే ఎక్కువ చిక్కగా కాచి పులియబెట్టి, చివర్లో గాలి తీసేసిన నీళ్లు కలిపి కావలసిన శాతానికి దించుతాయి. అదే ట్యాంకులతో ఎక్కువ బీరొస్తుంది, కరెంటు ఆదా. ఒకే పెద్ద ట్యాంకులోది తక్కువ నీళ్లతో ఒక లేబులు, ఎక్కువ నీళ్లతో ఇంకో లేబులు అవ్వొచ్చు. ఇది చట్టవిరుద్ధం కాదు, ప్రపంచమంతా చేసేదే. కాకపోతే చిక్కగా పులిస్తే ఈస్టు మీద ఒత్తిడి పెరిగి ఇథైల్ ఎసిటేట్ జాస్తిగా వదులుతుంది, నెయిల్ పాలిష్ తుడిచే మందు వాసన అది. స్ట్రాంగు బీర్లన్నిట్లో మీకు తగిలే ఆ ఘాటు చాలావరకు ఇదే.

రెండు, వాటిల్లో నూకలు, మొక్కజొన్న, చక్కెర ఎక్కువ, హాప్స్ తక్కువ. మాల్టు రుచీ పలచన, చేదూ పలచన. తేడా చూపించడానికి లోపల సరుకే తక్కువైనప్పుడు మిగిలేది ఈస్టు వాసనే.

లేబులు మీద తయారైన చోటు చదవండి. రాష్ట్రానికో పన్ను కాబట్టి కంపెనీలు సొంత ప్లాంటు లేనిచోట వేరేవాళ్ల ప్లాంటులో చేయించుకుంటాయి. రెండు కంపెనీల సీసాల మీద ఒకే చిరునామా కనిపించొచ్చు.

గూడూరు నిమ్మకాయ
నూకలంటే మన నెల్లూరు బియ్యం నూకలేనా? అయితే స్ట్రాంగులో నాకు కొంచెం సొంత ఊరి ఫీలింగ్ ఉండేది అందుకే.

ల్యాబ్ బాబాయ్
ఏ ఊరివైనా నూకలు నూకలే అబ్బాయ్, గంజి కోసమే వేస్తారు.

పెన్నగట్టు
అందరూ బ్రూవరీని పట్టుకున్నారు గానీ నాలుకని ఎవరూ అనుమానించరా? 2001లో ఫ్రాన్సులో బోర్డో పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. వైన్ విద్య చదివే 54 మందికి తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇస్తే, వాళ్లు ఎర్ర వైన్‌కి వాడే మాటలే రాశారు. కన్ను చెప్పింది ముక్కు నమ్మింది. మాగుంట వారి విషయంలో తిరగబడి ఉండొచ్చు. ఒక గ్లాసులో వెన్న తగిలాక మిగతా అన్నిట్లో అదే వెతుక్కుని ఉంటారు. పైగా బీరు నాలుగు డిగ్రీల చల్లదనంలో ఉంటే నాలుక మొద్దుబారుద్ది, ఏదైనా ఒకటే.

కావలి కుర్రోడు
మరి రెండో పబ్బులో తేడా తెలిసింది కదా ఆయనకి? నాలుక అదే, చల్లదనం అదే.

పెన్నగట్టు
@కావలి కుర్రోడు ఆ పాయింటు ఒప్పుకోవాల్సిందే. అయినా కళ్లు మూసుకుని తాగితే గానీ తేల్చలేం.

ల్యాబ్ బాబాయ్
దానికి మేం వాడే పద్ధతి ఉంది, ట్రయాంగిల్ టెస్టు. మూడు గ్లాసులు, రెండింట్లో ఒకటే బీరు, మూడోదాంట్లో వేరేది. ఏది వేరో చెప్పాలి. రంగు తెలియకుండా నల్ల గ్లాసులో, లేదా కళ్లకు గుడ్డ కట్టి. ఊరికే గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి తగులుద్ది కాబట్టి నలుగురైదుగురు కూర్చుని మళ్లీ మళ్లీ చేయాలి. బీరుని పది పన్నెండు డిగ్రీల దాకా వెచ్చబడనిస్తే వాసన విప్పుకుంటుంది.

చీమకుర్తి రాయి
ఒక బ్రూవరీ రుచి అన్నిట్లో ఉండటం ఎప్పుడూ తప్పేనా? కొంతమంది దానికోసమే తాగుతారు కదా.

దర్గామిట్ట టు డాలస్
అస్సలు తప్పు కాదు. బెల్జియంలో రోష్‌ఫోర్ అనే క్రైస్తవ మఠం బ్రూవరీలో 6, 8, 10 అనే అంకెల పేర్లతో మూడు బీర్లు చేస్తారు, 7.5, 9.2, 11.3 శాతం ఆల్కహాలు. మూడింటికీ ఈస్టు ఒకటే. తాగితే ఒకే తల్లి పిల్లలని తెలుస్తుంది, అయినా 6 తాగి 10 తాగితే ఎంత దూరమో. లండన్‌లో ఫుల్లర్స్ బ్రూవరీవాళ్లు ఒకే మాల్టు కాపులోంచి మొదట దిగిన చిక్కటి రసం, తర్వాత దిగిన పలచటి రసం వేర్వేరు పాళ్లలో కలిపి లండన్ ప్రైడ్, ఈఎస్‌బీ అనే రెండు బీర్లూ తీసేవాళ్లు. ఆ రెండింట్లో వాళ్ల ఈస్టు తెచ్చే నారింజ మార్మలేడు వాసన ఉంటది, జనం ఇష్టపడేదే అది. అది పనితనం. వెన్న జిడ్డు మాత్రం తొందరపాటు. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

ల్యాబ్ బాబాయ్
డాలస్ అబ్బాయి చెప్పిందానికి ఒకటి కలుపుతా. లాగర్లు ప్రపంచమంతా దగ్గర దగ్గరగా ఉండటానికీ ఈస్టే కారణం. 1883లో కోపెన్‌హేగన్‌లో కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ ల్యాబులో హాన్సెన్ అనే ఆయన ఒక్క కణం నుంచి శుద్ధమైన ఈస్టుని పెంచాడు. కార్ల్స్‌బర్గ్ దాన్ని దాచుకోకుండా మిగతా బ్రూవరీలకి ఇచ్చేసింది. ఇప్పుడున్న లాగర్ ఈస్టులు దాదాపు అన్నీ రెండే రెండు వంశాలు. అప్పటిదాకా బీరు ఎప్పుడు పాడవుద్దో ఎవరికీ తెలిసేది కాదు, ఆ పని వల్ల బీరు నమ్మకంగా తయారవడం మొదలైంది. ల్యాబులో చేరిన కొత్తల్లో ఇది చదివి నాకు ఆయన మీద గౌరవం పుట్టింది, ఇప్పటికీ అంతే ఉంది.

కందుకూరు తాటితోపు
బాబాయ్, మన కల్లు ఈస్టుని కూడా అట్టా విడదీసి బీరు చేయొచ్చా?

ల్యాబ్ బాబాయ్
చేయొచ్చు. కల్లులో బీరు ఈస్టు జాతే ఉంటుంది, దాంతోపాటు జైమోమోనాస్ అనే బాక్టీరియా, పులుపు బాక్టీరియా కూడా ఉంటాయి. వాటిని వేరుచేయడమే పని. బార్లీ రసంలోని మాల్టోజు అనే చక్కెరని ఆ ఈస్టు బాగా తినగలదా అన్నది చూసుకోవాలి, కల్లులో ఉండే చక్కెర వేరు కదా.

మాగుంట లేఅవుట్
అప్‌డేట్. పనిమీద మళ్లీ బెంగళూరు వెళ్లా, అదే పబ్బు. ఈసారి మధ్యాహ్నం, రద్దీ లేనప్పుడు. బీరు చేసే అతన్ని పిలిపించి మర్యాదగా అడిగా, ఎన్ని ఈస్టులు వాడతారని. గోధుమ బీరుతో సహా అన్నిటికీ ఒకటేనట, లాగర్‌కి కూడా అదే, కొంచెం చల్లగా పులియబెడతాడట. వెన్న సంగతి అడిగితే ముందు కాదన్నాడు, బాబాయ్ చెప్పిన వేడినీళ్ల పరీక్ష గురించి చెబితే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ట్యాంకులు తక్కువ, వారాంతానికి అయిపోతాయి, మేనేజర్ ఆగనివ్వడు అన్నాడు. పాపం కుర్రాడు, పని ఇష్టంగానే చేస్తున్నాడు. ఒక గ్లాసు వెచ్చబడేదాకా పక్కన పెట్టి తాగా, వెన్న ఇంకా ఎక్కువ తెలిసింది.

కావలి కుర్రోడు
పైపులు ఎప్పుడు కడిగారో అడిగావా అన్నా?

మాగుంట లేఅవుట్
అడిగా. నెలకోసారట.

కావలి కుర్రోడు
అదీ! బాబాయ్ ట్యాంకు ఒప్పుకుంటా, నా పైపు కూడా మీరు ఒప్పుకోవాలి.

ల్యాబ్ బాబాయ్
ఒప్పుకున్నా అబ్బాయ్. మాగుంట వారూ, మళ్లీ వెళ్తే ట్యాంకు నుంచి నేరుగా ఒక గ్లాసు పట్టించుకోండి, ట్యాపు నుంచి ఇంకోటి. రెండూ పక్కపక్కన వాసన చూస్తే ఎవరి వాటా ఎంతో తెలిసిపోద్ది.